వృద్ధాశ్రమం నుండి ఆసుపత్రికి: కబురు అందించే బాధ్యత
(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన)

1. ఉపోద్ఘాతం

వృద్ధాశ్రమంలో నివసించే వ్యక్తికి జబ్బు ముదిరి ఆసుపత్రికి తరలించవలసి వచ్చినప్పుడు, ఆ సంగతి ఎవరికి, ఎప్పుడు, ఎవరు చెప్పాలి? పైకి చూస్తే ఇది కార్యాలయ పద్ధతికి సంబంధించిన చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది. కాని దీనికి సరైన జవాబు లేనిచోట ఒక తల్లి కొడుకును చూడకుండానే కన్ను మూస్తుంది. ఒక కూతురు రెండు రోజుల తర్వాత శవాగారం ముందు నిలబడి, ఇంత జరిగినా నాకెందుకు చెప్పలేదని అడుగుతుంది. అప్పుడు ఆశ్రమం చేసిన సేవ అంతా ఆ ఒక్క ప్రశ్న ముందు వెలవెలబోతుంది.

మొదట ఒక మాట విషయంలో స్పష్టత అవసరం. పాశ్చాత్య దేశాలలో 'నర్సింగ్ హోమ్' అంటే, స్వయంగా తమ పనులు చేసుకోలేని వృద్ధులు, దీర్ఘవ్యాధిగ్రస్తులు నివాసముండే సంస్థ. మన పట్టణాలలో అదే మాటకు అర్థం వేరు. కరీంనగర్‌లో గాని మంచిర్యాలలో గాని నర్సింగ్ హోమ్ అంటే పడకలున్న చిన్న ప్రైవేటు దవాఖాన. కాబట్టి ఈ వ్యాసంలో వృద్ధులు నివసించే సంస్థను వృద్ధాశ్రమమనీ, చికిత్స జరిగే స్థలాన్ని ఆసుపత్రి అనీ వ్యవహరిస్తున్నాము. అలాగే కరీంనగర్, ఆదిలాబాద్ అన్నప్పుడు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలను దృష్టిలో ఉంచుకున్నాము. నేటి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల ప్రాంతం ఇందులోకి వస్తుంది.

ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. కబురు చెప్పడమనే ప్రత్యేక బాధ్యత మన ప్రాంతంలో పాతకాలం నుండి వచ్చినది కాదు. రోగి వెంట కుటుంబం నడిచినంత కాలం దాని అవసరం అంతగా రాలేదు. నివాసం, చికిత్స ఒకే ఆవరణలో ఉన్నచోట కూడా ఆ ప్రశ్న తలెత్తలేదు. వృద్ధులు ఒకచోట, పిల్లలు మరొకచోట, ఆసుపత్రి ఇంకొకచోట ఉండే పరిస్థితి ఏర్పడిన తర్వాతనే ఈ బాధ్యత పుట్టింది. ఆ పరిస్థితి మన మధ్యకు వచ్చి చాలా కాలమైనా, దానికి తగిన పద్ధతిని మన సంస్థలు పూర్తిగా అలవరచుకోలేదు.

2. కుటుంబం వెంట నడిచిన కాలం

19వ శతాబ్దం చివరి భాగంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాదు కేంద్రంగా పని ప్రారంభించి, మెదక్, కరీంనగర్, నిజామాబాద్ వైపుగా దానిని విస్తరింపజేశారు. సువార్త పనితోపాటు పాఠశాలలు, వైద్యశాలలు వెలిశాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మిషను వారసత్వం ఈ సంఘానికి సంక్రమించింది. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. కరీంనగర్ మిషన్ ఆసుపత్రి పేరు వినని పాత తరం వారు ఈ ప్రాంతంలో అరుదు.

ఆనాటి మిషన్ ఆసుపత్రుల తీరును గుర్తు చేసుకుందాం. దేశమంతటా అవి ఒకే విధంగా నడిచాయి. రోగి ఒంటరిగా వచ్చేవాడు కాడు. ఎడ్లబండి మీద రోగి పడుకుంటే, పక్కన భార్యో తల్లో, ముందు అన్నో తమ్ముడో. బండిలో బియ్యం, చింతపండు, కట్టెలు కూడా వచ్చేవి. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి వెలిగేది. రోగికి అన్నం పెట్టేది, ఒళ్ళు తుడిచేది, రాత్రి మేలుకొని ఉండేది ఇంటివాళ్ళే. శస్త్రచికిత్స చేయాలంటే డాక్టరమ్మ వాళ్ళతోనే మాట్లాడేది. వాళ్ళు పెద్దమనిషితో ఆలోచించి జవాబు చెప్పేవారు.

ఈ పద్ధతిలో లోపాలున్నాయి. రోగి మాట కంటె బంధువుల మాటే ఎక్కువగా చెల్లేది. ముఖ్యంగా స్త్రీల విషయంలో నిర్ణయం తరచు మగవారి చేతిలో ఉండేది. అయినా ఒక మేలు గమనార్హం. ఇంటివారికి సమాచారం చేరవేయడమనే పనే అక్కడ లేదు. వారు అప్పటికే పడక పక్కన ఉన్నారు. నేటికీ మన ఆసుపత్రులు ఆ అలవాటు మీదనే నడుస్తున్నాయి. అత్యవసర విభాగంలో మొదట వినబడే మాటల్లో 'పేషెంటు తరఫు వాళ్ళు ఎవరు?' అనేది ఒకటి. మందులు తేవడానికి, రక్తం కోసం తిరగడానికి, సంతకం పెట్టడానికి ఒక మనిషి ఉంటాడన్న నమ్మకం మీదే ఆ వ్యవస్థ నిలబడి ఉంది. వృద్ధాశ్రమం నుండి వచ్చిన వ్యక్తి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఎవరు అన్నదే నేటి సమస్య.

3. డిచ్‌పల్లి: ఇల్లే ఆసుపత్రి

ఇంటినుండి వేరై సంస్థలో నివసించిన రోగుల చరిత్ర కోసం మనం దూరం వెళ్ళనక్కరలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ రెండింటికీ పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లాలో, డిచ్‌పల్లి వద్ద 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించబడింది. స్కాట్లాండు నుండి 1907లో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవ. జార్జి కెర్ దీనికి మూలపురుషులు. హిందువైన రాజా నర్సాగౌడ్ ఇచ్చిన పెద్ద విరాళం వల్ల అది సాధ్యమైంది. చాల్‌మూగ్రా జాతి నూనె ఇంజెక్షన్ల చికిత్సకు ఆ స్థలం పేరుపొందింది.

అక్కడికి వచ్చినవారి స్థితి ఎడ్లబండిలో బంధువులతో వచ్చిన రోగి స్థితికి పూర్తిగా భిన్నం. ఆనాడు కుష్ఠు సోకినవారిని ఊరు వెలివేసేది, ఇల్లు దూరం పెట్టేది. బ్రిటిషు ఇండియాలో అమలులో ఉన్న 1898 నాటి కుష్ఠురోగుల చట్టం, బిచ్చమెత్తుకొనే రోగిని పోలీసులు పట్టుకొని ఆశ్రమంలో నిర్బంధించడానికి అధికారమిచ్చింది. ఆ చట్టం పుస్తకాల నుండి తొలగినది 2016లో మాత్రమే. నిజాం రాజ్యం బ్రిటిషు ఇండియాలో భాగం కాకపోయినా, జనం మనస్సులో ఉన్న భయం సరిహద్దులు ఎరుగదు. అట్టివారికి చికిత్సాలయమే ఊరు, తోటి రోగులే బంధువులు.

ఇక్కడ మన అంశానికి సంబంధించిన రెండవ నమూనా కనబడుతుంది. నివాసం, చికిత్స ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. రోగి జబ్బు ముదిరితే ఒక గదినుండి మరొక గదికి మారతాడే గాని, తెలియని చోటికి, తెలియని చేతుల్లోకి వెళ్ళడు. రాత్రి పిలిచినా పలికేది అతనిని ఏళ్ళ తరబడి ఎరిగిన మనిషే. కుటుంబానికి కబురు వెళ్ళినా వెళ్ళకపోయినా, ఆ వ్యక్తి ఎవరో తెలిసినవారి మధ్యనే అతని చివరి ఘడియ గడిచేది. బంధువు లేని లోటును సంస్థ కొంతవరకైనా పూడ్చింది.

మన వృద్ధాశ్రమాలు చాలావరకు ఈ రెండవ నమూనా స్ఫూర్తితో పుట్టినవే. 'మేమే మీ కుటుంబం' అన్నది వాటి భావన. కాని నేటి వృద్ధాశ్రమంలో ఆసుపత్రి లేదు. అక్కడ ఉన్నవారిలో అందరూ దిక్కులేనివారూ కారు. పిల్లలున్నారు, ఫోన్లున్నాయి, నెలనెలా డబ్బు పంపేవారున్నారు. అందువల్ల మొదటి నమూనా గాని రెండవది గాని మనకు చాలదు.

4. రోగి వేగం, కబురు వేగం

మూడవ పరిస్థితి ఎలా ఏర్పడింది? ఇందుకు కారణం వలస, వాహనం. సిరిసిల్ల పరిసరాల నేతగాళ్ళు బ్రతుకుతెరువు కోసం భివండి, షోలాపూర్, సూరత్ వెళ్ళారు. బొగ్గుబావుల పని కోసం ఊళ్ళు వదిలి బెల్లంపల్లి, గోదావరిఖని చేరినవారున్నారు. 1970ల నుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల యువకులు గల్ఫ్ దేశాలకు వెళ్ళసాగారు. తర్వాతి తరంలో చదువుకున్న పిల్లలు హైదరాబాదు, అక్కడినుండి అమెరికా చేరారు. ఇంట్లో అవ్వ, బాపు మిగిలారు.

ఆ కాలంలో కబురు నెమ్మదిగా నడిచేది. ఉత్తరం, ఆపైన టెలిగ్రాం, తర్వాత ఎస్.టి.డి. బూత్. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. ఆ సేవ 2013 జూలైలో నిలిచిపోయింది. అయితే ఆనాడు రోగి కూడా నెమ్మదిగానే కదిలేవాడు. బండి దొరకాలి, తోడు దొరకాలి, బస్సు రావాలి. ఈ ఆలస్యంలోనే నలుగురికీ సంగతి తెలిసిపోయేది.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. ఎన్నో ప్రాణాలు కాపాడిన సేవ అది. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల మొదలైంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. చికిత్స దగ్గరయింది. అదే సమయంలో మెట్లు పెరిగాయి. ఆశ్రమం నుండి ప్రాంతీయ ఆసుపత్రి, అక్కడినుండి జిల్లా కేంద్రం, అక్కడినుండి వరంగల్ ఎం.జి.ఎం. లేదా హైదరాబాదు గాంధీ, ఉస్మానియా, నిమ్స్. ఆదిలాబాద్ నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు కాబట్టి కొందరు నాగపూర్ దారి పడతారు. ఒక్క రాత్రిలో రోగి రెండు మూడు చోట్లకు మారవచ్చు. ఆశ్రమం మొదటి మెట్టు వద్ద కొడుకుకు ఫోన్ చేసి ఊరుకుంటే, అతడు వచ్చేసరికి తల్లి అక్కడ ఉండదు. అంబులెన్సు వచ్చిన తర్వాత రోగి కబురు కంటె ముందు నడుస్తున్నాడు. చరిత్రలో ఇది కొత్త సంగతి.

5. చట్టం ఏమంటుంది?

'గార్డియన్' అనే మాటను మన దరఖాస్తు ఫారాలలో ఉదారంగా వాడుతున్నాము. చట్టంలో దానికి పరిమితమైన అర్థముంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకు సంబంధించినది. వయస్సు పైబడినంత మాత్రాన ఎవరూ మైనరు కారు. ఎనభై ఏళ్ళ తల్లికి నలభై ఏళ్ళ కొడుకు, కొడుకైన కారణంగానే, చట్టరీత్యా సంరక్షకుడు కాడు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టపరచింది. మత్తులో ఉన్న వయోజనురాలి బదులు ఆమె తల్లి ఇచ్చిన సమ్మతి, అత్యవసరం కాని శస్త్రచికిత్సకు చెల్లదని తీర్పు చెప్పింది. కనుక కబురు ఎవరికి చెప్పాలో నిర్ణయించే మొదటి హక్కు వృద్ధులదే. ఆశ్రమంలో చేర్పించిన వ్యక్తిది గాని, డబ్బు కట్టే వ్యక్తిది గాని కాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ ఆలోచనను ఒక రూపంలోకి తెచ్చింది. వయోజనుడు తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ముందుగా నియమించుకోవచ్చు. 2018 మార్చిలో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు జీవన వీలునామాను గుర్తించినప్పుడు కూడా, నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే ఎవరిని సంప్రదించాలో అందులో పేరు రాయాలని చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరం చేసింది.

మరి వృద్ధాశ్రమాల సంగతి? 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్, ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చునని చెబుతుంది. 24వ సెక్షన్ వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కాని ఆశ్రమం నుండి ఆసుపత్రికి తరలించినప్పుడు ఎవరికి తెలియజేయాలన్న విషయమై ఆ చట్టంలో సెక్షన్ లేదు. ఆశ్రమాల నమోదు, కనీస ప్రమాణాలు చేర్చే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. ఆమోదం పొందకుండానే 2024లో సభ గడువుతో అది కాలంచేసింది.

దీనిని మరొక నియమంతో పోల్చి చూడండి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేస్తే అతడు కోరిన బంధువుకో స్నేహితునికో ఆ సంగతి, ఉంచిన స్థలం తెలియజేయాలని ఆదేశించింది. తర్వాత అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది. నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్‌లో ఉంది. ఎవరికి చెప్పారో స్టేషను పుస్తకంలో రాయాలి కూడా. దొంగతనం ఆరోపణపై పట్టుబడినవాని ఇంటికి కబురు పంపాలని చట్టం అంత స్పష్టంగా చెబుతున్నప్పుడు, ఏ నేరమూ చేయని ఒక ముసలమ్మను అర్ధరాత్రి వాహనమెక్కించినప్పుడు మన పుస్తకంలో ఒక వరుసైనా ఉండవద్దా?

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. కబురు కోసం చికిత్స ఆగరాదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయంలో ఉన్నవానికి ముందు వైద్యం చేయాలని, తతంగాలు తర్వాత అని తేల్చి చెప్పింది. కొడుకు ఫోన్ ఎత్తలేదని అంబులెన్సును ఆపడం, అసలు కబురే చెప్పకపోవడం కంటె పెద్ద తప్పు.

6. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల దురవస్థపై చాలాకాలం విమర్శలు వచ్చిన తర్వాత 1987లో ఒక సంస్కరణ చట్టం వచ్చింది. దాని కింద రూపొందిన కేంద్ర నిబంధనల ప్రకారం, నివాసికి గాయమైనా, ఆరోగ్యంలో గణనీయమైన మార్పు వచ్చినా, తరలించాలని నిర్ణయించినా, సంస్థ వెంటనే నివాసికి చెప్పాలి, వైద్యుని సంప్రదించాలి, నివాసి ప్రతినిధికి తెలియజేయాలి. ఆసుపత్రికి పంపేటప్పుడు ఆ పడక ఎన్నాళ్ళు అతని కోసం ఉంచుతారో రాతపూర్వకంగా తెలపాలి. ఈ చివరి అంశం మనకు కొత్తగా తోచవచ్చు. ఆసుపత్రికి పంపడమే వదిలించుకొనే మార్గం కాకుండా ఇది అడ్డుకుంటుంది. 'తిరిగి తీసుకుంటారా?' అన్న భయం మన ఆశ్రమాలలోని వృద్ధులకు లేదని ఎవరనగలరు?

అక్కడి నియమంలో వరుస గమనించదగినది. మొదట చెప్పవలసింది నివాసికే. మన అలవాటు దీనికి విరుద్ధం. 'పెద్దామెకు చెప్పకండి, భయపడుతుంది' అని గుసగుసలాడి వాహనమెక్కిస్తాము. ఎక్కడికి తీసుకువెళుతున్నారో తెలియని ప్రయాణమే అన్నిటికంటె పెద్ద భయం.

7. 2020 నేర్పిన పాఠం

కోవిడ్ కాలంలో తెలంగాణలో జరిగిన ఒక సంఘటన ఈ అంశాన్ని అందరి ముందుకు తెచ్చింది. అది వృద్ధాశ్రమానికి సంబంధించినది కాకపోయినా, తరలింపుకు, కబురుకు మధ్య తెగిపోయే దారాన్ని స్పష్టంగా చూపింది. 2020 ఏప్రిల్ చివర హైదరాబాదు కింగ్ కోఠి ఆసుపత్రిలో చేరిన ఒక వ్యక్తిని గాంధీ ఆసుపత్రికి మార్చారు. అతని భార్య, పిల్లలు కూడా వ్యాధి సోకి చికిత్స పొందారు. ఇల్లు చేరిన తర్వాత భర్త ఎక్కడ అని ఆమె అడిగితే సరైన జవాబు దొరకలేదు. చివరికి ఆమె తన భర్తను చూపించాలని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేసింది. అతడు మే 1నే మరణించాడని, అంత్యక్రియలు కూడా ముగిశాయని ప్రభుత్వం తెలిపింది. కుటుంబం అప్పటికే ఆందోళనలో ఉన్నందున చెప్పలేదన్నది ఇచ్చిన వివరణ.

ఆ మాట వెనుక ఉన్న ఆలోచన మనకు పరిచయమైనదే. బాధపడతారని చెప్పకపోవడం. దయగా మొదలైన ఆ మౌనం, నిర్బంధంలో ఉన్న మనిషిని వెదకడానికి వాడే కోర్టు పత్రంతో ఒక ఇల్లాలు తన భర్తను వెదుక్కొనే స్థితికి దారితీసింది. కబురును ఆపే అధికారం సంస్థకు లేదని ఇంతకంటె గట్టిగా చెప్పే ఉదాహరణ దొరకదు.

8. వాక్య సాక్ష్యం

యోహాను సువార్త 11వ అధ్యాయంలో బేతనియ సోదరీలు లాజరు జబ్బు సంగతి యేసుకు కబురు పంపారు. రమ్మని ఆజ్ఞాపించలేదు, ఏమి చేయాలో చెప్పలేదు. ప్రేమించేవానికి సంగతి తెలియాలి, అంతే. వస్తాడా, ఎప్పుడు వస్తాడు అన్నది ఆయన నిర్ణయం. 'ఆ కొడుకు ఎలాగూ రాడు, చెప్పి ఏం లాభం' అనే మన మాటకు ఇక్కడ జవాబుంది. రావడం అతని బాధ్యత, చెప్పడం మన బాధ్యత.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఎపఫ్రొదితు సంగతి ఇంకా దగ్గరగా ఉంది. ఇంటికి దూరంగా ఉండి చావుకు దగ్గరైన అతడు, తన జబ్బు వార్త తన సంఘం విన్నదని తెలిసి వేదన చెందాడు. జబ్బు వార్త చేరింది గాని, కోలుకున్న వార్త ఇంకా చేరలేదు. పౌలు అతనినే తిరిగి పంపి ఆ దుఃఖాన్ని తీర్చాడు. సగం కబురు కూడా గాయపరుస్తుందని ఇది మనకు తెలియజేస్తుంది. 1 తిమోతి 5వ అధ్యాయం ఆదరణ అవసరమైన విధవరాండ్ర విషయంలో మొదటి బాధ్యతను పిల్లలమీద, మనుమలమీద ఉంచుతూనే, సంఘానికి ఒక పట్టిక ఉండాలని సూచిస్తుంది. ఆదిసంఘంలో జాలితోపాటు లెక్క కూడా ఉంది.

9. ఆచరణకు కొన్ని సూచనలు

సంఘాల ఆధ్వర్యంలో గాని, విశ్వాసుల చేతుల్లో గాని నడుస్తున్న ఆశ్రమాలకు ఈ క్రింది పద్ధతి పెద్ద ఖర్చు లేనిది.

మొదటిది: చేర్చుకొనే రోజున వృద్ధులనే అడిగి ఇద్దరు వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు వరుసగా రాయాలి. చెప్పకూడని వ్యక్తి ఎవరైనా ఉంటే అదీ రాయాలి. ఆస్తి రాయించుకొని వెళ్ళగొట్టిన కొడుకు కంటె, పక్కింటి పిల్లే నమ్మకమైనదని ఒక తల్లి భావించవచ్చు. ఆరు నెలలకొకసారి ఆ నంబర్లకు ఫోన్ చేసి చూడాలి. గల్ఫ్‌లో ఉన్నవారి నంబర్లు తరచు మారుతుంటాయి.

రెండవది: తరలించే సమయంలో ఒకరు రోగిని చూసుకోవాలి, మరొకరు ఫోన్ చేయాలి. మన దగ్గర రాత్రి రెండు గంటలైతే దుబాయిలో పన్నెండున్నర, సౌదీలో పదకొండున్నర. ప్రొద్దున చెబుదామని ఆగనక్కరలేదు. 'సీరియస్‌గా ఉంది, వెంటనే రండి' అన్నది కబురు కాదు, బెదురు. ఏమి జరిగింది, ఎన్ని గంటలకు, ఏ ఆసుపత్రికి, వెంట ఎవరున్నారు, వారి నంబరేమిటి అన్న ఐదు సంగతులు చెప్పాలి. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో గోండి, కొలామి మాట్లాడే కుటుంబమైతే, వారి భాషలో చెప్పగల మనిషి పేరు ముందే రాసి ఉంచాలి.

మూడవది: పై ఆసుపత్రికి పంపిన ప్రతిసారీ మళ్ళీ చెప్పాలి. కోలుకొని తిరిగి వచ్చినా చెప్పాలి.

నాలుగవది: ఏ గంటకు ఎవరికి చేశారు, ఎవరు ఎత్తారు, ఏమన్నారు అన్నది పుస్తకంలో రాయాలి. ఎత్తకపోతే రెండవ నంబరుకు, ఆ తర్వాత స్థానిక కాపరికో సర్పంచికో చెప్పి, ఆ సంగతి కూడా రాయాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆశ్రమానికి ఆ పుస్తకమే సాక్షి.

ఐదవది: రోగి వెంట పేరు, వయస్సు, వాడుతున్న మందులు, పడని మందులు, బంధువుల నంబర్లు ఉన్న కాగితం వెళ్ళాలి. బంధువు వచ్చేవరకు ఆశ్రమం మనిషి ఒకరు అక్కడే ఉండాలి. 'పేషెంటు తరఫు వాళ్ళు ఎవరు?' అన్నప్పుడు లేచి నిలబడే మనిషి అతడే.

కాపరులకు ప్రత్యేకంగా ఒక మాట. ఆశ్రమం వారు తరచు మొదట ఫోన్ చేసేది మనకే. ప్రార్థన చేయడం మన ధర్మం. కాని ఇంటివారికి తెలియకముందే వాట్సాప్ ప్రార్థనా బృందంలో పేరు, జబ్బు, ఆసుపత్రి వార్డు రాయడం సరికాదు. తల్లి సంగతిని కూతురు ఆ బృందంలో చదివి తెలుసుకోవడం ఎంత బాధాకరం! తరలించిన సంగతి చెప్పడం వేరు, రోగం వివరాలన్నీ చాటడం వేరు. కొన్ని వ్యాధుల విషయంలో అది చట్టవిరుద్ధం కూడా. హెచ్.ఐ.వి. స్థితిని సమ్మతి లేకుండా బయటపెట్టరాదని 2017 నాటి చట్టం నిషేధించింది.

10. ముగింపు

మన ప్రాంత చరిత్రలో రోగికి మూడు రకాల తోడు కనబడింది. మొదట కుటుంబం బండి వెంట నడిచింది. తర్వాత డిచ్‌పల్లి వంటి స్థలంలో సంస్థే కుటుంబం స్థానంలో నిలిచింది. నేడు కుటుంబం దూరంగా ఉంది, సంస్థ చేతులు మారుస్తుంది, రోగి ఒక్కరే మెట్లెక్కుతున్నారు. ఆ ఖాళీని నింపేది సమయానికి చేరిన కబురు, వెంట వెళ్ళిన మనిషి. చట్టం వచ్చేవరకు ఆగవలసిన పని ఇది కాదు.

వేదాంత విద్యార్థులు క్షేత్రసేవకు వెళ్ళినప్పుడు వృద్ధాశ్రమాలలో పాటలు పాడి, పండ్లు పంచి వస్తుంటారు. అది మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు నిర్వాహకుల అనుమతితో చేరిక పుస్తకం ముందు పెట్టుకొని, ప్రతి వృద్ధుని పక్కన కూర్చొని, 'అవ్వా, నీకు బాగలేకపోతే ఎవలకు చెప్పాలె?' అని అడిగి రాయండి. రాసిన నంబరుకు అక్కడినుండే ఒకసారి ఫోన్ చేసి, మోగుతుందో లేదో చూడండి.